నొక్కుల జుట్టుకు ఏ బ్రష్షు? ఏ దువ్వెన?

ఆదివారం పొద్దున్న తలంటి పోయడం, ఆ తర్వాత చిక్కు తీయడం... ఆడపిల్లలున్న ఇంట్లో ఈ రెండో కార్యక్రమం ఎంత గోలగా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. "అమ్మా, నెప్పి!" అని పిల్ల. "కదలకుండా కూర్చో!" అని తల్లి. చివరికి దువ్వెన నిండా వెంట్రుకలు, పిల్ల కళ్ళ నిండా నీళ్ళు, వంటింట్లోంచి పప్పు అడుగంటిన వాసన!

మా ఇంట్లోనూ ఒకప్పుడు ఇదే తంతు. మా పెద్దమ్మాయిది నాలాగే సాఫీ జుట్టు. చిన్నదానిది వాళ్ళ నాన్నమ్మ పోలిక. ఒత్తుగా, చెవుల దగ్గర్నుంచి కొసల దాకా నొక్కులు నొక్కులుగా ఉంటుంది. ఇద్దరికీ కలిపి ఒకటే దువ్వెన. అద్దం కింద ఎప్పుడూ ఉండే సన్నపళ్ళ ప్లాస్టిక్ దువ్వెన. పెద్దదానికి ఐదు నిమిషాల్లో జడ పడేది. చిన్నదానికి అరగంట. "నీది జుట్టా, కొబ్బరిపీచా?" అని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను.

ఓ రోజు దువ్వెన కనబడలేదు. ఇల్లంతా వెతికాం. రాత్రి వంటకి బియ్యం తీయబోతే డబ్బా అడుగున చేతికి తగిలింది. దాచిందెవరో అడగాల్సిన పని లేకపోయింది. అప్పుడది మూడో క్లాసు. తిడదామని పిలిచి, దాని మొహం చూసి ఊరుకున్నాను. ఒక పిల్ల దువ్వెనకి అంత భయపడిందంటే తప్పు ఎక్కడో ఉందన్నమాట. ఆ తప్పు పిల్లదీ కాదు, దాని జుట్టుదీ కాదు. మా దువ్వెనది, నా చేతిది.

మీ ఇంట్లోనూ నొక్కుల జుట్టు ఉన్నవాళ్ళుంటే, అది మీదే అయినా సరే, ఈ నాలుగు మాటలూ ఓపిగ్గా చదవండి.

ముందు జుట్టు సంగతి తెలుసుకోండి

మీది నొక్కుల జుట్టో కాదో తేల్చుకోవడం చాలా తేలిక. తలస్నానం చేశాక ఏమీ రాయకుండా, దువ్వకుండా దానంతట దాన్ని ఆరనివ్వండి. తిన్నగా వేలాడితే సాఫీ జుట్టు. వాగు మెలికల్లా అటూ ఇటూ ఒంపులు తిరిగితే నొక్కుల జుట్టు. చుట్టలు చుట్టుకుంటే ఉంగరాల జుట్టు. చాలామందికి పైన సాఫీగా ఉండి కింద నొక్కులుంటాయి. "నా జుట్టు రేగిపోతుంది, బిరుసు జుట్టు" అని బాధపడేవాళ్ళలో చాలామందిది నిజానికి నొక్కుల జుట్టే. దువ్వి దువ్వి ఆ నొక్కుల్ని చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుందంతే.

వెంట్రుక పైపొర ఇంటిమీద పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటుంది. సాఫీ వెంట్రుకలో ఆ పెంకులు నున్నగా అణిగి ఉంటాయి. వంపు తిరిగే చోట అవి కాస్త లేస్తాయి. పక్క వెంట్రుకను పట్టుకుని చిక్కు పడేది అక్కడే. పైగా మాడు మీద ఊరే సహజమైన నూనె తిన్నని వెంట్రుక మీదుగా సులువుగా కిందికి జారుతుంది. వంపుల మీదుగా జారడం ఆలస్యం. అందుకే నొక్కుల జుట్టుకు కుదుళ్ళు జిడ్డుగా ఉన్నా కొసలు మాత్రం ఎండుగడ్డిలా ఉంటాయి.

ఇంకో లెక్క చూడండి. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల జడ ఉంటే దాని కొస వయసు ఐదేళ్ళు! ఐదేళ్ళపాటు ఎండకీ, షాంపూకీ, దువ్వెనకీ ఓర్చుకున్న ఆ కొసల్ని పట్టి లాగితే తెగక ఏం చేస్తాయి?

రాలిందా, తెగిందా?

దువ్వెనలో వెంట్రుకలు కనిపించగానే గాభరా పడకండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకల దాకా రాలడం మామూలే. మూడు రోజులకోసారి దువ్వేవాళ్ళకు ఆ మూడు రోజులవీ కలిపి ఒక్కసారే కనిపిస్తాయి.

మీరు చూడాల్సింది వేరే ఉంది. ఒక తెల్ల కాగితం మీద ఆ వెంట్రుకల్ని పరిచి కొసలు గమనించండి. ఒక కొసన తెల్లటి చిన్న గుబ్బలా ఉంటే అది వయసైపోయి కుదురు నుంచి రాలింది. దాని చోట మళ్ళీ కొత్తది వస్తుంది. గుబ్బ లేకుండా పొట్టి పొట్టి ముక్కలుగా ఉంటే మాత్రం అది రాలలేదు, తెగింది! తెంపింది మీ దువ్వెనే. బియ్యం డబ్బాలోంచి తీసిన దువ్వెనని ఆ రాత్రి నేనిలాగే చూశాను. ముప్పాతిక వంతు ముక్కలే.

గుబ్బ ఉన్న వెంట్రుకలే రోజూ గుప్పెళ్ళకొద్దీ వస్తున్నా, మాడు అక్కడక్కడ నున్నగా కనిపిస్తున్నా దువ్వెనలు మార్చుకుంటూ కూర్చోకుండా చర్మవైద్యులకు చూపించుకోండి.

దువ్వెన కొనేటప్పుడు

నొక్కుల జుట్టున్న ఇంట్లో తప్పకుండా ఉండాల్సింది పెద్దపళ్ళ దువ్వెన. పన్నుకీ పన్నుకీ మధ్య మీ చిటికెనవేలి కొస దూరేంత ఖాళీ ఉండాలి. పళ్ళ చివర్లు గుండ్రంగా ఉండాలి.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. దువ్వెన పళ్ళమీద బొటనవేలు నెమ్మదిగా రాసి చూడండి. చవక ప్లాస్టిక్ దువ్వెనలకు అచ్చు అతుకు దగ్గర ప్రతి పన్నుకీ ఒక సన్నటి గీర తేలి ఉంటుంది. వేలికి గరుకుగా తగిలేది అదే. వేలికి తెలియకపోతే మీ పల్చని చున్నీనో, పట్టుచీర కొంగునో దువ్వెనకు తగిలించి లాగండి. పోగు పట్టుకుందంటే కొనకండి. పోగును పట్టినది వెంట్రుకని వదులుతుందా?

చెక్క దువ్వెన మంచిదే. ప్లాస్టిక్‌తో దువ్వితే చలికాలంలో జుట్టు చిటపటలాడి పైకి లేస్తుంది. చెక్కతో ఆ బాధ తక్కువ. అయితే చెక్క కదా అని ఏదిపడితే అది తీసుకోకండి. పళ్ళ సందుల్లో పేళ్ళు లేచి ఉంటే ప్లాస్టిక్ కన్నా హాని. కొన్నాక దూదితో కొబ్బరినూనె పట్టించి ఒక రాత్రి ఉంచి తుడిస్తే నున్నబడుతుంది. నీళ్ళలో మాత్రం నానబెట్టవద్దు.

సన్నపళ్ళ దువ్వెనని పారేయనక్కర్లేదు. దాన్ని సాఫీ జుట్టువాళ్ళకు వదిలేయండి. తోక దువ్వెన పాపిట తీయడానికే. ఇక పేలదువ్వెన పేలకే! నొక్కుల జుట్టుకు దాన్ని వాడాల్సివస్తే తలస్నానం తర్వాత తడిమీద కండిషనర్ రాసి, పెద్దపళ్ళ దువ్వెనతో చిక్కంతా తీశాకే సన్నసన్న పాయలుగా విడదీసి దువ్వాలి.

బ్రష్షుల్లో ఏది దేనికి?

ఇప్పుడు దుకాణానికి వెళితే ఒక గోడనిండా బ్రష్షులే. అమ్మేవాళ్ళు "అన్నిటికీ ఇదే మేడమ్" అంటారు. అన్నిటికీ పనికొచ్చే బ్రష్షు లేదు. ఒక్కొక్కటీ ఒక్కో పనికి పుట్టింది.

చిక్కుతీసే బ్రష్షు: వంగే ప్లాస్టిక్ పళ్ళు, కొన్ని పొడుగ్గా కొన్ని పొట్టిగా ఉంటాయి. చిక్కు తగిలినచోట పన్ను వంగుతుంది కాబట్టి వెంట్రుక తెగడం తక్కువ. నొక్కుల జుట్టు తడిగా ఉన్నప్పుడు వాడుకోవచ్చు. ఎదిరి గింజుకునే చిన్నపిల్లలకు బాగా పనికొస్తుంది.

వరుసల బ్రష్షు: రబ్బరు మెత్తమీద నైలాన్ పళ్ళు దూరదూరంగా వరుసలు తీరి ఉంటాయి. నొక్కుల జుట్టుకు అసలైన నేస్తం ఇదే. చిక్కంతా తీశాక, తడి జుట్టుకు కండిషనరో, జెల్లో రాసి దీంతో పాయపాయగా దువ్వి వదిలేస్తే వెంట్రుకలు చక్కగా జట్లు కట్టి ఒంపులు తిరుగుతాయి. కొన్నిటికి వరుసల్ని ఊడదీసే వీలుంటుంది. నొక్కులు పెద్దవిగా కావాలంటే ఒకటి విడిచి ఒకటి తీసేయండి.

వెడల్పాటి మెత్త బ్రష్షు: పార్లర్లలో ఎక్కువగా కనిపించే పలకలాంటిది. పొడుగు సాఫీ జుట్టుకు హాయి. నొక్కుల జుట్టుకైతే తలంటుకు ముందు, నూనె రాశాక మాత్రమే. పళ్ళ చివర గుండ్రటి పూసలుంటాయి చూడండి, అవి ఊడిపోతే బ్రష్షు మార్చేయండి. పూస లేని పన్ను మాడును గీరుతుంది.

పందివెంట్రుకల బ్రష్షు: మాడుమీది నూనెను కొసల దాకా పాకించడం దీని పని. చిక్కు తీయడం దీనికి చేతకాదు. ఆరిన నొక్కుల జుట్టును దీంతో దువ్వారంటే నొక్కులన్నీ విడిపోయి దూదిమూటలా తయారవుతుంది. కొప్పు వేసుకునేటప్పుడు పైపైన లేచిన జుట్టును అణచడానికి వాడుకోవచ్చు. పందివెంట్రుకలంటే పడనివాళ్ళు నైలాన్ కుచ్చు బ్రష్షు తీసుకోండి, పని జరుగుతుంది.

గుండ్రటి బ్రష్షు: డ్రయ్యరుతో పాటు వాడేది. సాఫీ జుట్టుకు ఒంపులు తేవడానికి పనికొస్తుంది. బ్రష్షు ఎంత లావుగా ఉంటే ఒంపు అంత పెద్దగా వస్తుంది. లోహపు గొట్టం ఉన్నవి బాగా వేడెక్కుతాయి, జాగ్రత్త. దేవుడిచ్చిన నొక్కులున్నవాళ్ళకు దీని అవసరం లేదు.

అబ్బాయి 'వేవ్ బ్రష్షు' అడిగితే?

ఈమధ్య ఫోనులో చూసి మగపిల్లలు వేవ్ బ్రష్షు కావాలంటున్నారు. అరచేతిలో ఇమిడే, వంపు తిరిగిన కుచ్చు బ్రష్షు అది. అమెరికాలోని నల్లజాతివారి క్షవరశాలల్లో పెరిగిన అలంకరణ ఇది. వాళ్ళ జుట్టు సహజంగా బిగుతైన చుట్టలు తిరిగి ఉంటుంది. దాన్ని పొట్టిగా కత్తిరించి, నడినెత్తిన సుడి దగ్గర్నుంచి అన్ని వైపులకీ రోజూ ఓపిగ్గా దువ్వుతారు. రాత్రిపూట డ్యూరాగ్ అనే గుడ్డ బిగించి కట్టుకుని పడుకుంటారు. వారాల తరబడి చేస్తే తలచుట్టూ చెరువులో అలల్లాంటి వరసలు తేలుతాయి.

ఆ బ్రష్షుల్లోనూ మెత్తవి, మధ్యరకం, గట్టివి ఉంటాయి. కత్తిరించిన కొత్తల్లో మెత్తది, జుట్టు పెరిగేకొద్దీ మధ్యరకం, ఇంకా ఒత్తయితే గట్టిది వాడతారు. మాడు ఎర్రబడినా, మంటపుట్టినా బ్రష్షు గట్టిదైందని అర్థం.

అయితే అలలు పుట్టేది బ్రష్షులోంచి కాదు, జుట్టులో ఉన్న చుట్టలోంచి. మనవాళ్ళ సాఫీ జుట్టును ఎంత దువ్వినా అవి రావు. ఉంగరాల జుట్టున్న అబ్బాయైతే కాస్త ఫలితం కనిపించవచ్చు. ఇది చెప్పి, ఆపైన కొనాలో వద్దో మీరే తేల్చుకోండి.

దువ్వే పద్ధతి

మంచి దువ్వెన కొన్నా దువ్వే తీరు మారకపోతే లాభం లేదు. మా ఇంట్లో ఆదివారం గోల తగ్గింది ఇలా:

తలంటుకు ముందే గోరువెచ్చని కొబ్బరినూనె రాసి, వేళ్ళతో పెద్ద చిక్కులు విడదీయండి. ఆ తర్వాత పెద్దపళ్ళ దువ్వెన.

దువ్వడం ఎప్పుడూ కొసల దగ్గరే మొదలుపెట్టాలి. నాలుగు వేళ్ళ మేర కొసలు విడిపోయాక ఇంకాస్త పైకి, ఆపైన ఇంకాస్త పైకి. మాడు దగ్గర మొదలుపెట్టి కిందికి ఈడిస్తే చిన్న చిక్కులన్నీ కలిసి పెద్ద ముడి అవుతుంది.

చిక్కు తీసేటప్పుడు దానికి పైన పాయను రెండో చేత్తో గట్టిగా పట్టుకోండి. లాగుడంతా మీ చేతిమీద పడుతుంది, పిల్ల నెత్తిమీద పడదు. ఈ ఒక్క చిట్కాతో మా అమ్మాయి ఏడుపు సగం ఆగింది.

కుంకుడుకాయతో రుద్దితే నొక్కుల జుట్టు ఇంకా బిరుసెక్కుతుంది. వాడితే మాడువరకే రుద్దండి. కొసలకు నురగ జారిపోతే చాలు. తర్వాత కండిషనరో, మెత్తగా రుబ్బిన మందారాకో పట్టించి, ఆ జారుడు మీదే పెద్దపళ్ళ దువ్వెన నడిపి కడిగేయండి.

"తడి జుట్టు దువ్వకూడదంటారు కదా?" అంటారేమో. సాఫీ జుట్టు విషయంలో అది నిజమే. తడిసిన వెంట్రుక రబ్బరులా సాగి త్వరగా తెగుతుంది, కాస్త ఆరాక దువ్వడం మేలు. నొక్కుల జుట్టుకు మాత్రం పొడిమీద దువ్వడమే ఎక్కువ హాని. తడిమీద, జారుడుగా ఉన్నప్పుడు, పెద్దపళ్ళతో - ఈ మూడూ గుర్తుంచుకోండి.

తువ్వాలుతో తపతపా కొట్టి ఆరబెట్టడం మనకి అలవాటు. నొక్కులున్నవాళ్ళు అది మానేయండి. పాత నూలుచీర ముక్కతో గుప్పిట్లో పట్టి నెమ్మదిగా ఒత్తితే నీరు దిగిపోతుంది. ఆరాక ఇక దువ్వెన ముట్టవద్దు. మర్నాడు పొద్దున చేతులు తడిచేసుకుని వేళ్ళతో సర్దుకుంటే చాలు.

రోజుకు వందసార్లు దువ్వితే జుట్టు పెరుగుతుందని మన అమ్మమ్మలు చెప్పేవారు. అందులో నిజం లేదు. ఎక్కువ దువ్వితే ఎక్కువ తెగుతుంది, అంతే.

బడికి వెళ్ళే పిల్లలకు జడలు తప్పవు కదా. వేయండి, కానీ నుదురు సాగేటట్టు బిగించకండి. ఏళ్ళ తరబడి బిగుతు జడలు వేస్తే నుదుటి దగ్గర, కణతల దగ్గర జుట్టు పల్చబడుతుంది. మరీ ఆలస్యమైతే ఆ జుట్టు తిరిగి రాదు.

ఇంట్లోనే అవిసెగింజల జెల్

రెండు చెంచాల అవిసెగింజల్ని రెండు కప్పుల నీళ్ళలో వేసి సన్నటి సెగమీద తిప్పుతూ ఉడికించండి. గుడ్డులోని తెల్లసొనలా జారుగా అవగానే దించి, వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడకట్టండి. చల్లారితే చిక్కబడి గుడ్డలోంచి దిగదు సుమా! ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు వాడుకోవచ్చు. తడి జుట్టుకు కొద్దిగా రాసి వరుసల బ్రష్షుతో దువ్వి వదిలేయండి.

బ్రష్షుకూ తలంటు కావాలి

1898లో న్యూయార్క్‌లో లిడా న్యూమన్ అనే నల్లజాతి మహిళ ఒక హెయిర్ బ్రష్షుకు పేటెంటు తీసుకుంది. శుభ్రం చేసుకోవడానికి వీలుగా విడదీసుకోగలగడం దాని ప్రత్యేకత. బ్రష్షులో పేరుకునే మురికి ఆనాడే ఒక ఆడమనిషి కంటపడిందన్నమాట!

వారానికోసారి బ్రష్షులోని వెంట్రుకల్ని తోక దువ్వెన కొసతో లాగేయండి. గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల షాంపూ వేసి పాత టూత్‌బ్రష్షుతో పళ్ళ మొదళ్ళు రుద్దండి. మెత్త ఉన్న బ్రష్షును నీళ్ళలో ముంచేయకండి, లోపల నీరు చేరి బూజు పడుతుంది. కడిగాక పళ్ళు కిందికి ఉండేలా బోర్లించి ఆరబెట్టండి.

ఇంట్లో ఎవరికైనా పేలుంటే ప్లాస్టిక్ దువ్వెనల్ని 55 డిగ్రీలకు తగ్గని వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి తీయండి. చెయ్యి పెట్టలేనంత వేడి అన్నమాట. అసలు ఎవరి దువ్వెన వాళ్ళకు ఉండడమే అన్నిటికన్నా మేలు.

చివరిగా ఒక మాట

ఇంతకీ ఖర్చెంత అంటారా? ఒక మంచి పెద్దపళ్ళ దువ్వెన, వీలైతే ఒక వరుసల బ్రష్షు. అంతే, నొక్కుల జుట్టుకు ఇంతకన్నా అక్కర్లేదు. జుట్టు సాఫీ చేయించడానికి పార్లర్లో పోసే డబ్బుతో పోలిస్తే ఇదెంత? పైగా ఆ సాఫీ చేసే మందుల్లో కొన్నిటినుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన ఆవిరి వస్తుంది.

మా చిన్నమ్మాయి ఇప్పుడు కాలేజీ హాస్టల్లో ఉంటోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళ నాన్నమ్మ తలకి తనే కండిషనర్ పట్టించి, కొసల దగ్గర్నుంచి చిక్కు తీస్తూ కూర్చుంది. "ఇన్నేళ్ళొచ్చాయి, నెప్పెట్టకుండా దువ్వించుకోవడం ఇదే మొదలే" అంది ఆవిడ. డెబ్భై దాటిన మనిషి. ఆవిడ జుట్టునీ ఎవరో చిన్నప్పుడు కొబ్బరిపీచు అనే ఉంటారు.

ఈ ఆదివారం మీ పిల్ల తల దువ్వేముందు ఆ దువ్వెన పళ్ళమీద ఒకసారి వేలు రాసి చూడండి. జుట్టుకు తగిన దువ్వెనే వెతుక్కోవాలి గానీ, దువ్వెనకు తగినట్టు జుట్టును వంచలేం కదా! ఏమంటారు?

అన్నట్టు, మా బియ్యం డబ్బాలో ఇప్పుడు బియ్యం తప్ప మరేం ఉండవు లెండి.